నీడలో వంకాయపువ్వు

ఆ ఏడు వానాకాలం మేం అరకులో ఉన్నాం. కొండల మీద పూసే పువ్వులన్నిటినీ పుస్తకంగా అచ్చు వేయించాలని ఒక దొర బయల్దేరి, బొమ్మలు వెయ్యడానికి మా ఆయన్ని పెట్టుకున్నాడు. అక్కడ పువ్వులు పూసేది వానల్లో. మైదానం వాళ్ళు కొండెక్కడానికి భయపడేదీ వానల్లోనే. మన్యం జ్వరం పట్టుకుంటే మనిషి దిగిరాడని శృంగవరపుకోటలో బండి ఎక్కేటప్పుడు కూడా చుట్టాలు హెచ్చరించారు. మా అత్తగారు అచ్చియమ్మ ఆ మాటలకి జంకలేదు. కొడుకుని కోడలి వంటకి ఒదిలెయ్యనని మూట కట్టుకుని అందరికంటే ముందు బండిలో కూర్చుంది.

మాకిచ్చిన ఇల్లు మట్టిగోడల మీద గడ్డికప్పు. ముందు వసారా, వెనక ఒక గది. ఆ గది కిటికీ ఉత్తరం వైపుకి ఉండేది. వెలుగు పొద్దస్తమానం ఒక్కలాగే ఉంటుందని ఆయన బల్ల అక్కడ వేసుకున్నారు.

పువ్వులు తెచ్చే మనిషి సుక్రి. పక్క గూడెంలోని గదబ మనిషి. ఆమె మొగుడు సోంబరు, దొరగారి డేరాలు మోసే పనిలో ఉండేవాడు. సుక్రి తెల్లవారుతూనే కొండెక్కి, మొక్కని వేరుతో, వేరుని మట్టితో తవ్వి, తడి అడ్డాకుల్లో చుట్టి తెచ్చేది. ఆయన ఆకుపొట్లం విప్పగానే బొమ్మ గీయడం మొదలుపెట్టేవారు కాదు. ముందు రేకునే చూస్తూ రంగులు కలిపి, కాగితం అంచున చిన్న మచ్చ పెట్టేవారు. మచ్చా రేకూ ఒకటయ్యేదాకా మళ్ళీ మళ్ళీ కలిపేవారు. పువ్వు వాడిపోయినా గీత గీసుకోవచ్చు, వాడిన రంగుని మాత్రం ఎవరూ తేలేరు అనేవారు. సాయంత్రం పని ముగిశాక కుంచెలన్నీ కడిగి, మొనని నాలికతో సూదిలా చేసి, రేకు డబ్బాలో పెట్టి మూత వేసేవారు. ఆ మూత చప్పుడు వింటే నేను అన్నం వడ్డించేదాన్ని.

మా మామగారు గుళ్ళలో వాహనాలకి రంగులు వేసిన మనిషి. ఆయన దగ్గర ఐదే రంగులుండేవి. హంస తెలుపు, గరుడుడు పచ్చ, సింహం పసుపు. మా ఆయన కూడా చాలాకాలం ఆ ఐదింటితోనే బతికారు. అరకు వచ్చాక ఆయన కళ్ళకి ఆకలి పుట్టింది. నత్తగుల్ల లోపలి వైపు, చచ్చిన పురుగు రెక్క, గెడ్డలో రాతి మీద పాచి, ఏది కనపడినా తెచ్చి అగ్గిపెట్టెల్లో దాచుకునేవారు. ఒక మధ్యాహ్నం వాన వెలిసి ఎదురుకొండ కడిగినట్టు కనబడుతుంటే అత్తగారిని కిటికీ దగ్గరికి పిలిచారు.

"అమ్మా, అటు సూడు. ఎన్ని పచ్చలున్నాయో సెప్పు."

అత్తగారు తొంగిచూసింది. "పచ్చ పచ్చేరా వరాలూ. చోడి చేనైనా పచ్చే, గుమ్మడి పాదైనా పచ్చే. ఎన్నంటే ఏటి సెప్తాను?"

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది. ఆయన పేరు వరహాలరావు. వరాలూ అని పిలిచేది తల్లి ఒక్కతే.

అన్నిటికంటే ఆయన ఎక్కువగా చూసింది సుక్రి కట్టుకున్న నారబట్టని. గదబ ఆడవాళ్ళు చెట్టు నార తీసి, రంగులు అద్ది, తామే నేసుకుంటారు. ముతగ్గా, గోనెలా ఉంటుంది. దాని మీది చారలు మాత్రం చూపు లాగేస్తాయి. వెడల్పాటి ఎర్రపట్టీ, పక్కన సన్నటి తెలుపు, సన్నటి నీలం, మళ్ళీ తెలుపు, మళ్ళీ వెడల్పాటి ఎరుపు. ఆయన సుక్రిని వసారాలో కూర్చోబెట్టి ఆ చారలని ఒక కాగితం మీదికి ఎక్కించుకున్నారు. ఈ వరస ఎవరు చెప్పారని అడిగితే ఆమెకి ప్రశ్నే అర్థం కాలేదు.

"మా యమ్మ నేసినాది, నాను నేసినాను. ఎరుపు పెద్దది, నీలం సిన్నది. ఇంకోలాగ ఎందుకు నేత్తాం బాబు?"

ఊరు వెళ్ళాక తండ్రి రంగు వేసిన హంస వాహనానికి ఈ చారలనే అంచుగా తిప్పుతానని ఆయన ఆ రాత్రి భోజనం దగ్గర చెప్పారు. తనకంటూ ఏదైనా వెయ్యాలని ఆయన అనుకోవడం నేను వినడం అదే మొదటిసారి. దేవుడికి గదబ చీర కడతాడట నా కొడుకు, అని అత్తగారు నొసలు చిట్లించింది. ఆయన మళ్ళీ నవ్వి, చారల కాగితాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకున్నారు.

శ్రావణంలో ఆయనకి చలిజ్వరం వచ్చింది. ఉన్న దుప్పట్లన్నీ కప్పి, పైన అత్తగారు వాలి అదిమిపట్టినా మంచం గడగడలాడేది. ఒకరోజు విడిచి ఒకరోజు వచ్చేది. రాని రోజున లేచి బొమ్మ వేసేవారు. దొర దగ్గర గుమాస్తా గణపతిరావు చలిజ్వరానికి వేసే కొయినా మందు సీసా తెచ్చి ఇచ్చాడు. మంచి మాటకారి. దసరా వెళ్ళగానే దొరగారు మద్రాసు వెళ్ళిపోతారని, ఈలోగా బొమ్మలు అందకపోతే పుస్తకం ఇంకో ఏడాది ఆగుతుందని, ఓ మోతాదు ఎక్కువ పడితే నోరు చేదవడం తప్ప నష్టమేమీ లేదని చెప్పి వెళ్ళాడు. ఆయన ఆ సీసా బల్ల మీదే, రంగుల పక్కన పెట్టుకున్నారు. వణుకు వస్తుందనిపిస్తే చాలు, మమ్మల్ని పిలవకుండానే వేసుకునేవారు. చెవుల్లో తుమ్మెదలు తిరుగుతున్నాయి అనేవారు. తుమ్మెదలు తిరిగితే జ్వరం దిగుతోందన్నమాట అని అత్తగారు సంతోషించేది.

ఒక పొద్దున్న నేను గంజి తీసుకుని గదిలోకి వెళ్ళాను. ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. ఒళ్ళు చల్లగా ఉంది.

"తలుపులెందుకు మూసీసేవే?" అన్నారు.

తలుపులు తీసే ఉన్నాయి. ఎండ ఆయన మోకాళ్ళ మీద పడుతోంది. బల్ల మీద కొయినా సీసా ఖాళీగా ఉంది.

ఆ తర్వాతి రోజుల గురించి ఎక్కువ చెప్పలేను. అత్తగారు సింహాచలం అప్పన్నకి మొక్కుకుంది. కొండకింది అమ్మవారికీ మొక్కుకుంది. సుక్రి ఏవో ఆకులు తెచ్చి నూరి కణతలకి పట్టించింది. ఎవరి వల్ల వచ్చిందో, దానంతట అదే వచ్చిందో, చూపు కొద్దికొద్దిగా తిరిగొచ్చింది. ఒక మధ్యాహ్నం ఆయన నా చెయ్యి పట్టుకుని, గాజు ఊడదీసి, కంటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఇంత మేరే ఉందే. గాజులోంచి సూసినట్టు. సుట్టూ ఏటీ లేదు."

అదైనా వచ్చింది కదా అన్నాను. ఆయన ఆ గాజంత మేరలోంచే నన్ను చాలాసేపు చూశారు.

"నీ సీర ఏ రంగు?"

నేను కనకాంబరం రంగు చీర కట్టుకున్నాను. ఆయనే కొన్న చీర. చెప్పాను. ఆయన తల ఊపి, గాజు నా చేతికి తిరిగి తొడిగారు. "ముగ్గుపిండిలా ఉంది," అన్నారు. "నువ్వూ, గోడా, అన్నీ."

కొండ దిగి విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్దామని నేనన్నాను. ఆయన ఒప్పుకోలేదు. దిగితే ఎందుకు దిగారో గణపతిరావు అడుగుతాడు. రంగులు తెలియని మనిషి బొమ్మలు వేశాడంటే వేసిన బొమ్మల్ని కూడా అనుమానిస్తారు. చూపు వచ్చినట్టే రంగులూ వస్తాయి, కాస్త ఓపిక పట్టు అన్నారు. నాకు అంతకంటే మంచి ఉపాయం తోచలేదు. అత్తగారు తన కొడుక్కి ఏమీ కాలేదన్నట్టు పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

రోజూ పొద్దున్న నేను బొట్టు పెట్టుకుని ఆయన ముందు నిలబడేదాన్ని. గాజంత మేరలో నా నుదురు దొరికేదాకా ఆయన తల తిప్పుకునేవారు.

"ఇవాళ?" అని అడిగేదాన్ని.

"నల్లగానే ఉంది," అనేవారు.

ఎండ వెలుగు కళ్ళకి పడటం లేదని గణపతిరావుకి చెప్పి ఆయన పని వేళ వెనకగది దాటి రావడం మానేశారు. నేను పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేదాన్ని. డబ్బాలో రంగుబిళ్ళల వరస ఆయనకి కంఠతా వచ్చు. ఎడమ చివర ఎరుపు, కుడి చివర నీలం. బిళ్ళలు ఆయనకి తెలుసు, పువ్వులే తెలియవు. అందుకని ఆయన రేకు పట్టుకుంటే నేను రంగు చెప్పాలి. మొదటిరోజు నేను ఊదా అన్నాను.

"ఊదా అంటే ఏటి తెలుస్తుంది? దేనిలా ఉంది?"

వంకాయపువ్వులా ఉందన్నాను.

"ఎండలో పువ్వా, నీడలో పువ్వా?"

నేను పుట్టింటి పెరడు గుర్తు తెచ్చుకున్నాను. పొద్దెక్కాక వంకాయపువ్వు కాస్త తెల్లబోతుంది. ఆకు కింద దాక్కున్న పువ్వు మాత్రం ముదురుగా, నీలం వైపు మొగ్గి ఉంటుంది. "నీడలోది," అన్నాను. ఆయన కుంచె కుడి చివరికి వెళ్ళింది, మధ్యలో ఎరుపుని ఒక్క చుక్క ముట్టుకుని వచ్చింది. కాగితం అంచున మచ్చ పెట్టారు. నేను రేకు తెచ్చి పక్కన పెట్టాను. రెండూ ఒకటే.

అప్పట్నుంచి నేను చూడడం నేర్చుకున్నాను. ఉల్లిపొర, గోరింట పండిన మర్నాటి వేలు, పండిన తరవాత వారానికి వేలు, మైలతుత్తం, మామిడి చిగురు, తడిసిన ఇటుక, ఆరిన ఇటుక. వంటింట్లో ఇన్నేళ్ళూ నా చేతుల్లో ఉన్నవే. వాటికి ఇంత పని ఉందని నాకు తెలియదు. గణపతిరావు వచ్చి బొమ్మలు పట్టుకెళ్ళి, జ్వరం తర్వాత మీ చెయ్యి ఇంకా తేరిందని దొరగారు అంటున్నారండీ అని చెప్పేవాడు. ఆయన నవ్వేవారు కాదు. అతను వెళ్ళాక, "నీ చెయ్యి అంటన్నాడే," అని నా వైపు తిరిగేవారు. ఆ మాటలో మెచ్చుకోలు ఉండేది. ఇంకేదో కూడా ఉండేది, దాన్ని నేను తాకేదాన్ని కాదు.

భాద్రపదం వెళ్ళింది. నా బొట్టు నల్లగానే ఉంది.

దసరా ముందర ఒక పొద్దున్న సుక్రి కొత్త నారబట్ట కట్టుకుని వచ్చింది. అత్తగారు పెరట్లో దాన్ని పట్టుకుని చూసి వేళాకోళమాడింది.

"ఏటే సుక్రీ, నీ చీరకి ఎరుపేదే? గుంటవి కావు, ముసిల్దానివి కావు, ఇలాగ నీలమంతా సుట్టుకొచ్చీసేవు."

ఎరుపు రంగుకి కావలసిన వేరు సోంబరు తవ్వి తేవాలట. వాడు వానలన్నీ జ్వరంలోనే పడున్నాడు. పాతది చిరిగిపోయింది, చలి వచ్చేస్తోంది. అందుకని ఎర్రపట్టీలు ఉండాల్సిన చోట నీలమే పోసి నేసేసింది. వరస తప్పలేదు, రంగే మారింది అని సుక్రి తప్పుచేసినట్టు చెప్పుకుంది. ఆయన అప్పుడు గెడ్డ దగ్గర మొహం కడుక్కుంటున్నారు. పువ్వుల రంగులు చెప్పడమే మా పని, కట్టుబట్టల రంగులు చెప్పుకునే అలవాటు మాకు లేదు.

ఆయన తిరిగొచ్చి వసారా ఎక్కుతుండగానే దొర వచ్చాడు. ముందు చెప్పి రాలేదు. వెంట గణపతిరావు, దొర చేతిలో టోపీ, టోపీలో ఆకుల మధ్య ఒక పూలకొమ్మ. నేను తలుపు వెనక్కి తప్పుకున్నాను. దొరల ముందుకి మా ఇళ్ళలో ఆడవాళ్ళు రారు.

గణపతిరావు చెప్పాడు. "వరహాలరావు గారూ, ఇది ఏటేటా పూసేది కాదట. కొన్నేళ్ళకోసారే పూస్తుందట. దొరగారు స్వయంగా పైకి ఎక్కి కోసుకొచ్చారు. గంటలో వాడిపోతుంది. బొమ్మ తర్వాత వేద్దురుగాని, ముందు ఆ అంచు మచ్చ పెట్టెయ్యండి. మీరు పెట్టే తీరు దొరగారికి కళ్ళారా చూడాలని ఉంది."

వెలుగు ఎక్కువగా ఉంది, లోపలికి తీసుకెళ్తాను అన్నారాయన. ఇక్కడైతే అందరం చూస్తామని గణపతిరావు కాగితం, బల్ల తెప్పించి వసారాలో వేయించాడు. రంగుల డబ్బా నేనే తలుపు సందులోంచి అందించాను. అందుకున్నప్పుడు ఆయన వేళ్ళు నా వేళ్ళని పట్టుకుని ఒక్క క్షణం ఆగాయి.

పువ్వు నాకు కనబడుతూనే ఉంది. నీడలో వంకాయపువ్వు. నేను అన్నిటికంటే ముందు నేర్చుకున్న రంగు. దగ్గితే ఎరుపు, గడియ కదిపితే నీలం అని ముందే ఏదో అనుకుని ఉండాల్సింది. మేం ఏదీ అనుకోలేదు. రెండు బారల దూరంలో నేను, మధ్యలో దొర వీపు.

ఆయన పువ్వుని మొహానికి దగ్గరగా పట్టుకుని తల అటూ ఇటూ తిప్పారు. తర్వాత పెరటి వైపు చూసి సుక్రిని పిలిచారు. సుక్రి వచ్చి వసారా కింద నిలబడింది. ఆయన కిందికి వంగి, ఆమె భుజం మీది బట్ట అంచు పట్టుకుని, పువ్వుని వెడల్పాటి పట్టీ మీద ఆనించారు. తెలుపు పక్కన పెట్టారు. మళ్ళీ వెడల్పు పట్టీ మీద పెట్టారు. అక్కడ రేకు పట్టీలో కలిసిపోయింది. దొర ముచ్చటపడి గణపతిరావుతో ఏదో అన్నాడు. చిత్రకారుడి పద్ధతి అనుకున్నాడు కాబోలు. ఆయన ఏం చూస్తున్నారో నాకు ఒక్కదానికే తెలుసు. రంగులు ఆయన్ని ఒదిలేశాయి గాని వరస ఆయనకి కంఠతా వచ్చు. ఎరుపు పెద్దది, నీలం చిన్నది.

ఆయన మొహం తేటపడింది. కుంచె తడిపి డబ్బా ఎడమ చివరికి తీసుకెళ్ళారు.

నేను పెరటి వైపు తిరిగి గొంతెత్తి అరిచాను. "అత్తా, వంకాయ తరగమన్నారా?"

పెరట్లోంచి అత్తగారు అంతకంటే గట్టిగా అంది. "అరకులో వంకాయలెక్కడివే? మతి గాని పోయిందేటి?"

గణపతిరావు నవ్వాడు. అప్పటికే కుంచె కాగితాన్ని తాకింది. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మచ్చ సగం పడింది, తడి మందారంలా, ఎర్రగా.

ఆయనకి అర్థమైంది. కుంచె ఎత్తి, ఆ మచ్చ వైపు చూశారు, పువ్వు వైపు చూశారు. రెండూ ఆయనకి ఒకటే నలుపు. దొర పువ్వు తీసుకుని మచ్చ పక్కన పెట్టాడు. దొర తన టోపీని ఆయన చెవి పక్కనుంచి మెల్లగా ముందుకి తెచ్చాడు. ఆయన కదల్లేదు. టోపీ ముక్కు దాకా వచ్చాక ఉలిక్కిపడ్డారు.

దొర కోప్పడలేదు. కోప్పడితే ఆయన ఏదైనా బదులు చెప్పుకునేవారేమో. గణపతిరావుని తీసుకుని, పువ్వు బల్ల మీదే వదిలేసి, నెమ్మదిగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆయన కుంచె చెంబులో కడిగారు. మిగతా కుంచెలు కూడా, వాడనివి కూడా, ఒక్కొక్కటే కడిగారు. మొనలు నాలికతో సూదిలా చేసి డబ్బాలో పెట్టారు. మూత చప్పుడైంది. ఇంకా పొద్దెక్కలేదు. నేను అన్నం వండలేదు.

సుక్రి మెట్ల కింద అలాగే నిలబడి ఉంది. భుజం మీది పట్టీని తన వేళ్ళతో మూసి పట్టుకుంది.

సుక్రి కొత్త బట్టలో ఎరుపే లేదని ఆ రాత్రి ఆయనకి చెప్పాను. మర్నాడు గణపతిరావు వచ్చి, మీరు విశ్రాంతి తీసుకోవాలని దొరగారి కోరిక అన్నాడు. మద్రాసు నుంచి ఇంకొకరిని రప్పిస్తున్నారట. వేసిన బొమ్మలన్నిటినీ ఆ వచ్చేవాడు మళ్ళీ సరిచూస్తాడట. రెండు మాటలకీ ఆయన సరే అన్నారు. ఆ పొద్దున్న ఆయన నా నుదుటి వైపు చూడలేదు. నేనూ ఇవాళ అని అడగలేదు.

మేం కొండ దిగేరోజు సుక్రి వచ్చింది. చలిగాలి కొడుతోంది. ఆమె కొత్త నారబట్ట కట్టుకోలేదు. అక్కడక్కడా చిరిగి వీపు కనబడుతున్న పాతది, ఎర్రపట్టీలది కట్టుకుంది. బండి పక్కన, ఆయన చూడగల చోట వచ్చి నిలబడింది. ఆయన చూశారు. కొత్త బట్ట బాగుందే సుక్రీ అన్నారు. సుక్రి అవును బాబు అంది.

లోయలో అప్పటికి వలిసె చేలు పూశాయి. బండి ఎటు తిరిగితే అటు, కొండ మొదళ్ళ దాకా పసుపు. కళ్ళు చెదిరాయి. అత్తగారు కూడా మూట మీంచి లేచి, ఓలమ్మా అంది. ఆయన బండి చట్రం పట్టుకుని, ఆ గాజంత మేరని చేల మీద ఒక చివర్నించి ఇంకో చివరకి తిప్పారు.

ఏ పసుపు అని ఆయన అడుగుతారు. అప్పుడే విరిచిన పసుపుకొమ్ము లోపలి పసుపు అని చెప్పాలి. కొమ్ము ఎండుదా, పచ్చిదా అంటారు. పచ్చిది, తడి ఆరనిది అని చెప్పాలి. నేను మాటలన్నీ నోట్లో సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను.

"ఎండ బాగా కాస్తన్నట్టుందే," అన్నారాయన. తలపాగా కళ్ళ మీదికి లాక్కుని, బండి గోడకి జేరబడ్డారు.